నడుమ కాంట్రాక్టరు ఎందుకు?

ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికులు ఎందుకు పెరుగుతున్నారని అడిగితే, సంపాదకీయాల నుంచి పెట్టుబడుల సదస్సుల దాకా ఒకటే జవాబు. కార్మిక చట్టాలు మరీ బిగుసుకుపోయాయి, పనిలో పెట్టుకున్నవాణ్ణి తీసెయ్యలేం, గత్యంతరం లేక యజమాని కాంట్రాక్టరును పిలుస్తున్నాడు అని. చట్టాన్ని కాస్త సడలిస్తే చాలు, పర్మనెంటు ఉద్యోగాలు వాటంతటవే వచ్చి పడతాయట!

సడలించి చూశాం కదా. 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికుడు కంపెనీ ఉద్యోగి అయిపోడని తేల్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, లోడింగు వంటి పనుల్లో కాంట్రాక్టరుకు తలుపులు తెరిచింది. తొలగింపులకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన హద్దును రాజస్థాన్ 2014లో 100 మంది నుంచి 300కు పెంచింది. మరి కాంట్రాక్టు తగ్గిందా? వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం ఈ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో సుమారు ఐదో వంతు ఉన్నవాళ్లు 2022-23కి 40 శాతం దాటారు.

అసలు పరీక్ష 2018లో జరిగింది. నిర్ణీత కాలానికి కార్మికుణ్ణి నేరుగా నియమించుకునే వీలును కేంద్రం అన్ని రంగాలకూ ఇచ్చింది. గడువు తీరితే పంపెయ్యవచ్చు. కాకపోతే ఉన్నన్నాళ్లూ పర్మనెంటు వాళ్లతో సమానంగా జీతం, సౌకర్యాలు ఇవ్వాలి. అవసరానికి తీసుకుని అవసరం తీరాక వదిలేసే వెసులుబాటే కావాలనుకుంటే ఇంతకన్నా ఏం కావాలి? అయినా కాంట్రాక్టరు పోలేదు. ఎందుకంటే యజమానికి కావలసింది వెసులుబాటు కాదు, తక్కువ కూలీ. దాంతోపాటు, ఏదైనా జరిగితే ‘వాడు మావాడు కాడు’ అనగలిగే అవకాశం.

మందుల ఫ్యాక్టరీలో ఒకే రియాక్టరు దగ్గర ఇద్దరు నిలబడతారు. షిఫ్టు ఒకటే, పీల్చే ఆవిరీ ఒకటే. ఒకరి పే స్లిప్పు మీద కంపెనీ పేరుంటే, రెండోవాడిది మ్యాన్‌పవర్ ఏజెన్సీది. టెండరు మారితే ఏజెన్సీ పేరు మారుతుంది, మనిషి మాత్రం అదే రియాక్టరు దగ్గరుంటాడు. సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క; గ్రాట్యుటీ ఎప్పటికీ అందదు. ఒకే రకం పనికి ఒకే వేతనమని 1971 నాటి కాంట్రాక్టు కార్మిక నిబంధనలే చెప్పాయి. అడిగితే మర్నాడు గేటు పాసు పనిచెయ్యదు, అంతే.

ప్రభుత్వరంగం ఇందుకు మినహాయింపేమీ కాదు. విశాఖ ఉక్కుకు భూములిచ్చిన నిర్వాసిత కుటుంబాల వాళ్లు ఆ ప్లాంటులోనే కాంట్రాక్టు కార్మికులు. తొలగింపుల మీద 2025 మేలో సమ్మెకు దిగాల్సి వచ్చింది.

చక్కెర మిల్లు సీజనుకో, ప్లాంటు షట్‌డౌన్ మరమ్మతులకో తాత్కాలికంగా మనుషులు కావాలంటే అభ్యంతరం ఎవరికుంటుంది? ఏడాది పొడవునా నడిచే యంత్రానికి తాత్కాలిక మనిషి ఎందుకన్నదే ప్రశ్న.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారన్నదానిపై తొలి రోజుల్లో రకరకాల లెక్కలు వినిపించాయి. కాంట్రాక్టు వాళ్లతో సహా కార్మికుల పేర్లన్నీ ఫ్యాక్టరీ సొంత హాజరు పట్టీలోనే ఉండాలన్న కనీస నిబంధనైనా బిగించాల్సిన సమయమది. జరిగింది వేరు. 1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మందిని పెట్టుకున్న కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడు ఆ సంఖ్యను 50 చేసింది. 49 మందిని సరఫరా చేసేవాడికి ఇక కేంద్ర చట్టం కింద లైసెన్సే అక్కర్లేదు.