గోడ మీద ఎవరుండాలి?

మొన్న ఒక దళితవాడలో గృహప్రవేశానికి వెళ్ళాను. ఊరి పేరు రాయను. రాస్తే ఆ కుర్రాడు నొచ్చుకుంటాడు. అతను మనవాడే. సంఘంలో పదేళ్ళు తిరిగినవాడు, రాత్రిళ్ళు గోడల మీద నినాదాలు రాసినవాడు. తర్వాత చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. పాత మట్టిల్లు పీకి స్లాబు వేసుకున్నాడు. సంతోషం.

హాల్లో అడుగు పెట్టగానే ఎదురు గోడ మెరిసిపోతోంది. మిగతా మూడు గోడలూ తెలుపు. ఈ ఒక్కటి మాత్రం బంగారు రంగు. చేత్తో తడిమితే అలలు అలలుగా గరుగ్గా తగులుద్ది. 'టెక్చర్' అంటారట. దాని నడిమధ్య టీవీ. అటూ ఇటూ అద్దాల షోకేసులు. వాటిల్లో ప్లాస్టిక్ పూలు, ఎగిరే గుర్రం బొమ్మ. నేను నాలుగు గోడలూ చూశాను. నా కళ్ళు వెతికేది కనపళ్ళేదు.

"తమ్ముడూ, బాబాసాహెబ్ పటం ఏదీ?" అన్నాను.

"లోపల పెట్టామన్నా. మేకు కొడితే టెక్చర్ పగులుద్దని పెయింటర్ చెప్పాడు" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

మూల కూర్చున్న వాళ్ళ నాయనమ్మ ఊరుకోలేదు. "మేకూ లేదు, మేకు తలకాయా లేదు నాయనా! రేపు వీడి ఆఫీసోళ్ళు బోజనాలకి వస్తన్నారు. అందుకని మంచం కింద పెట్టాడు. పాత ఇంట్లో మట్టిగోడకి మేకు దిగింది గానీ, ఈ బంగారపు గోడకి దిగట్లేదంట!"

ఎవరూ నవ్వలేదు.

నేను ఆ కుర్రాణ్ణి తిట్టటానికి ఇది రాయటం లేదు. ఆ మంచం కింద పటం ఒక్క ఇంటిది కాదు. చాలా ఇళ్ళల్లో ఉంది. అది అక్కడికి ఎట్లా చేరిందో మాట్లాడుకోవాలి.

ముందు గోడ సంగతి. గోడ మనకు ఊరికే రాలేదు. మా నాయన ఎండాకాలం వస్తే ఊళ్ళో పెద్దిళ్ళకు సున్నాలు కొట్టేవాడు. రాళ్ళ సున్నం గాబులో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేది. రెండ్రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, పట్టు నిలవటానికి కాస్త బంక, తెలుపు మెరవటానికి చిటికెడు నీలిమందు కలిపేవాడు. సున్నం పడి కళ్ళు మండేవి. వేళ్ళ సందులు ఒరిసి నెత్తురొచ్చేది. గోడ పాలలాగా తెల్లగా తేలేది. ఆ గోడ ఆరినాక ఆ ఇంటివాళ్ళు పసుపు నీళ్ళు చల్లుకునేవాళ్ళు. సున్నం కొట్టేటప్పుడు ఆ గోడంతా మా నాయన చేతుల్లోనే ఉంది. ఆరినాక మాత్రం అంటు! కూలి కోసం అరుగు కింద నిలబడితే, డబ్బులు పైనుంచి చేతిలోకి జారవిడిచేవాళ్ళు.

మరి మన ఇళ్ళు? మట్టిగోడ, నిట్రాడు, తాటాకు. ఆ గోడకే మన అమ్మలు పండగ ముందు పేడ అలికేవాళ్ళు. ఎర్రమట్టి పూసేవాళ్ళు. దాని మీద సుద్దతో చారలు, చుక్కలు, ముగ్గులు. దీపం పెట్టటానికి ఒక గూడు. ఇవాళ పత్రికల్లో 'ఇంటి అలంకరణ' అని పేజీలకు పేజీలు రంగుల్లో వేస్తున్నారే, అది మన ఆడవాళ్ళు పైసా ఖర్చు లేకుండా, వాళ్ళ పేరు ఎవరికీ తెలియకుండా చేసిన పనే. కాబట్టి అందం మనకు కొత్త అని ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు లేనిది అందం చూసే కన్ను కాదు. మంచి ఇల్లు కట్టుకునే హక్కు.

అంబేద్కర్ అంటరానివాళ్ళ బతుకు మీద రాసిన రాతలు ఆయన పోయినాక, 1989లో, మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల అయిదో సంపుటంలో అచ్చయ్యాయి. ఊరు మనకు ఏమేం నేరాలుగా నిర్ణయించిందో అందులో ఒక జాబితా ఇచ్చాడు. ఉతికిన బట్ట కట్టటం నేరం. చెప్పులు తొడగటం నేరం. పెంకుటిల్లు కట్టుకోవటం నేరం. పెంకు వేస్తేనే నేరమైన చోట, గోడకు రంగేసుకుంటే ఊరుకునేవాళ్ళా? అందుకే ఇవాళ దళితవాడలో ఒక గోడకు మంచి రంగు పడిందంటే నాకు కడుపు నిండుద్ది. టెక్చర్ వేసుకున్నాడని వెక్కిరించేవాళ్ళ పక్కన నేను నిలబడను. "వీళ్ళకెందుకు ఈ షోకులు" అనే మాట ఏ నోట్లోంచి వస్తుందో మనకు తెలుసు.

ఇక పటాల సంగతి. మన గోడ మీదకు ముందు ఎక్కింది దేవుళ్ళు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటిదాకా గుళ్ళల్లో, సంస్థానాల మేడల్లో ఉన్న లక్ష్మీ సరస్వతులు రంగుల కాగితం మీద అచ్చయి బజారుకొచ్చారు. తర్వాత శివకాశి క్యాలెండర్లు. ఎరువుల కొట్టువాడు, బట్టల కొట్టువాడు ఊరికే ఇచ్చేవి. గుడిలోకి రానివ్వని మనిషి, తన గుడిసెలోనే దేవుణ్ణి కళ్ళారా చూశాడు. అది చిన్న సంగతి కాదు. కానీ గుడి తలుపు తెరుచుకుందా? 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి ముందు అంబేద్కర్ సత్యాగ్రహం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి సాగింది. తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబర్‌లో యేవలా సభలో, నేను హిందువుగా చావను అని చెప్పేశాడు. దేవుడు మన గోడ మీదకు వచ్చాడు గానీ, మనల్ని తన గోడ దగ్గరకు రానివ్వలేదు! కోస్తా జిల్లాల్లో మన పల్లెల్లో చాలా ఇళ్ళకు ఏసుప్రభువు పటం, వాక్యం రాసిన క్యాలెండరు కూడా వచ్చాయి. ఎవరి నమ్మకం వాళ్ళది. దాని జోలికి నేను పోవటం లేదు.

అంబేద్కర్ పటం మాత్రం ఏ కొట్టువాడూ ఊరికే ఇచ్చింది కాదు. నెత్తుటి దారిలో నడిచి వచ్చింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. ఆ సెప్టెంబర్ 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కారు. ఆ ఏళ్ళలోనే వాడవాడకూ అంబేద్కర్ సంఘం వచ్చింది. కూలి డబ్బుల్లో మిగిల్చి, పట్నం నుంచి పటం తెచ్చి, అద్దం వేయించి, మట్టిగోడకు మేకు దించాం. కోటు, టై, జేబులో పెన్ను, చేతిలో పుస్తకం. ఉతికిన బట్ట కట్టటమే నేరమన్న ఊళ్ళో ఆ కోటేసుకున్న మనిషి మన గోడ మీద నిలబడ్డాడు. ఆ పటం కింద కూర్చునే మనం సంతకాలు నేర్చుకున్నాం. ఆ పటం కింద కూర్చునే కేసులు పెట్టే కాగితాలు రాశాం.

ఈ దేశపు పెద్ద గోడ సంగతి కూడా వినండి. పార్లమెంటు సెంట్రల్ హాలులోనే రాజ్యాంగ సభ కూర్చుంది. 1949 నవంబర్ 26న రాజ్యాంగం ఆమోదం పొందింది అక్కడే. రచనా సంఘం అధ్యక్షుడు అంబేద్కర్. ఆ హాలు గోడ మీదకు ఆయన పటం ఎక్కింది ఎప్పుడు? 1990 ఏప్రిల్ 12న! నలభై ఏళ్ళు పైనే పట్టింది. అంత పెద్ద గోడకి మేకు దొరకలేదా? మేకు ఉంది. కొట్టే మనసు లేదు. పార్లమెంటుకే అంత కాలం పట్టిన పనిని కూలి జనం గుడిసెల్లో ముందే చేశారు. ఆ గొప్ప మనది. దాన్ని మంచం కిందకు తోస్తామా?

తోస్తున్నది మనమే అనటం కూడా సగం నిజమే. రెండో సగం పట్నంలో అద్దె ఇళ్ళను అడగండి. "ఏమిట్లు?" అని అడక్కుండా తాళం చేతికి ఇచ్చే ఇంటి ఓనరు ఎంతమంది? మనవాళ్ళు కులం చెప్పకుండా ఇంట్లో దిగుతారు. గోడ మీద ఆ పటం కనపడిందా, కులం చెప్పినట్టే. నెల తిరక్కుండా "మా చుట్టాలొస్తున్నారు, ఖాళీ చెయ్యండి" అంటాడు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ తొమ్మిదేళ్ళు పటాన్ని బీరువాలో చీరల మధ్య దాచుకుంది. ఏప్రిల్ 14న తలుపేసుకుని, బయటకు తీసి, చూసుకుని మళ్ళీ దాచేది. ఆమెది పిరికితనమా? కాదు. పిల్లల చదువు మధ్యలో సామాన్లు వీధిలో పడకూడదని తల్లి పడే బాధ. ఆ నేరం ఆమెది కాదు, ఓనరుది. అద్దె ఇంట్లో దాచుకున్నవాళ్ళని ఒక్క మాట అనటానికి మనకు నోరు లేదు.

కానీ సొంత ఇల్లు వేరు. తాళం మన చేతిలో ఉంది, పట్టా మన పేరున ఉంది, వాడ మనది. అక్కడ కూడా దాచామంటే, ఓనరు మన బుర్రలో కాపురం పెట్టాడన్న మాట. మనల్ని గోడల బయట నిలబెట్టినవాళ్ళు భోజనానికి వస్తే, మన గోడ వాళ్ళకు నచ్చాలా? వాళ్ళు రావాలి, తినాలి, ఆ పటం కిందే కూర్చుని తినాలి. అప్పుడది సహపంక్తి భోజనం. పటం దాచి పెట్టేది భోజనం కాదు, సంజాయిషీ.

ఈ పటం ఉత్త అలంకారమేనని ఎవరన్నా అంటే, 2020 జూలై 7న బొంబాయిలో ఏమయిందో గుర్తు చెయ్యండి. అంబేద్కర్ పుస్తకాల కోసమే కట్టించుకున్న ఇల్లు 'రాజగృహ' మీద దాడి చేసి, పూలకుండీలు, కిటికీ అద్దాలు పగలగొట్టారు. మన దగ్గర 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు ఆయన పేరు పెట్టటం గిట్టక మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల విగ్రహాలు నిలబెట్టారు. సంతోషమే. కానీ ప్రభుత్వం నిలబెట్టింది ప్రభుత్వం ఓట్ల కోసం వాడుకుంటుంది. మన ఇంట్లో మేకుకున్న పటాన్ని ఎవరూ వాడుకోలేరు.

ఇంకో తప్పు కూడా మనలో ఉంది. దాచేవాళ్ళు ఒకవైపు, పూజ చేసేవాళ్ళు ఇంకోవైపు. కొన్ని ఇళ్ళల్లో అంబేద్కర్ పటానికి కుంకుమ, హారతి, కొబ్బరికాయ! 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన గట్టిగా హెచ్చరించింది దీని గురించే. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని. దణ్ణం పెట్టి పక్కకు తిరిగితే ఆయన చేతిలో పుస్తకానికి పని లేకుండా పోద్ది. పటం కింద ఒక చెక్క అర కొట్టించండి. నాలుగు పుస్తకాలు పెట్టండి. అదే ఆయనకు దండ.

పనిలో పని, ఖర్చు మాట. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ కింద మైదాన ప్రాంతంలో ఇచ్చేది 1,20,000 రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలంటారు. ఆ డబ్బు గోడలు లేచేసరికే అయిపోద్ది. మిగతాది అప్పు. వడ్డీకి తెచ్చి లప్పం మీద లప్పం పెట్టి టెక్చర్ వేయించేముందు ఒక్క సంగతి చూసుకోండి. ఊరి మురుగంతా పల్లానికి వస్తుంది. పల్లంలో ఉన్నది మన వాడ. పునాదిలోంచి గోడకు చెమ్మ ఎక్కుతుంది. చెమ్మ గోడకు లప్పం నిలవదు. రెండు వానలకే పొక్కులు లేచి పెచ్చులు ఊడుద్ది. 'గోడకు కొట్టిన సున్నం' అంటే తిరిగి రాని డబ్బని మన సామెత. ముందు వాడకు కాలవ కావాలని పంచాయతీ మీద కొట్లాడండి. ప్లాస్టరింగు బాగా తడిపి, పూర్తిగా ఆరినాకే రంగు వెయ్యండి. డబ్బు లేకపోతే సున్నం వెయ్యండి. సున్నం చెమ్మను లోపల బిగించదు, ఊపిరి తీసుకోనిస్తుంది. అది మన తాతల చేతిపని. ఇంతకాలం ఊరి గోడలకు కొట్టాం, మన గోడకు కొట్టుకుంటే తప్పేంటి?

ఇక ఎవరెవరు ఉండాలి గోడ మీద? జోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఉండాలి. 1906 నుంచే హైదరాబాదులో మన పిల్లల కోసం, మన హక్కుల కోసం తిరిగిన భాగ్యరెడ్డి వర్మ ఉండాలి. జాషువా ఉండాలి. కారంచేడు, చుండూరు అమరులు ఉండాలి. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు మర్చిపోయిందని మన పిల్లలు కూడా మర్చిపోవాలా? చుండూరులో ఆ అమరులు పడుకున్న నేలను రక్తక్షేత్రం అంటారని పిల్లలకు ఆ పటం చూపించి చెప్పండి.

ఇంకా ఇంటి మనుషులు. నాట్లేసి నడుం వంగిపోయిన అమ్మ ఫోటో చనిపోయినాక దండేసి కాదు, బతికుండగానే పెట్టండి. కూతురి డిగ్రీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించండి. కాకపోతే జెరాక్సు కట్టించి, అసలుది ట్రంకు పెట్టెలో దాచండి. చెమ్మకు సిరా పోద్ది.

మేకు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు అన్నాలయినాక ఆ కుర్రాడే డ్రిల్లు మిషను తెచ్చాడు. చిన్న బెజ్జం చేసి, ప్లాస్టిక్ ముక్క దించి, స్క్రూ బిగించాడు. టెక్చర్ వెంట్రుకంత కూడా పగల్లేదు. టీవీకి పైన, ఎదురుగా. నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని "కాస్త ఎడమకి వంగింది, సరిచెయ్యి" అంది. సరిచేశాడు. తెల్లారి ఆఫీసువాళ్ళు వచ్చారో లేదో, వచ్చి ఏం అన్నారో నేను అడగలేదు.

ఈ ఏప్రిల్ 14కి సంఘాలవాళ్ళు ఫ్లెక్సీల ఖర్చు సగానికి తగ్గించండి. ఆ డబ్బుతో ఒక డ్రిల్లు మిషను కొని వాడంతా తిరగండి. మంచం కింద ఉన్నవి, బీరువా మీద ఉన్నవి, పేపరు చుట్టి అటకెక్కించినవి బయటకు తీయించి, హాల్లో ఎదురు గోడకు బిగించి రండి.

జై భీమ్!