లైఫ్ టైమ్ ఆయిల్ అంటే ఎవరి లైఫ్, జనాబ్?

"ఆటోమేటిక్ బండా? గేర్ బాక్స్ జోలికి పోవద్దు భాయ్. నడిచినన్నాళ్లు నడవనీ." పెదకాకాని నుంచి గుంటూరు ఆటోనగర్ దాకా ఏ షెడ్డులో అడిగినా ఈ నసీహత్ ముఫ్త్‌గా దొరుకుతుంది. షోరూమ్‌కి వెళ్తే అదే మాట టై కట్టుకుని చెప్తారు: "అది లైఫ్ టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు." పాత బండి అమ్మే బ్రోకర్ ఇంకాస్త ముందుకెళ్లి "దీని గేర్ బాక్స్‌కి ఖర్చే ఉండదు" అంటాడు. ముగ్గురి మాటా ఒకటే, ఏమీ చేయొద్దని. ఇది పచ్చి తప్పుడు సలహా. దీని నుక్సాన్ మన ఇళ్ల మీదే పడుతోంది కాబట్టి నిమ్మళంగా ఊరుకోలేక రాస్తున్నా.

పాత ఆటోమేటిక్ బండి కొనేది ఎవరు? ఎక్కువగా మనలాంటి వాళ్లే. కొత్తది కొనే తాఖత్ లేదు. లోన్ తీసుకుందామంటే సూద్ అని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. రియాళ్లో దీనార్లో కూడబెట్టి పంపింది, ఒకటో రెండో గాజులు అమ్మింది కలిపి నఖద్ ఇచ్చి పదేళ్ల బండి తెచ్చుకుంటాం. ఆటోమేటిక్ ఎందుకంటే మోకాళ్లు అరిగిన అబ్బాజాన్ క్లచ్ తొక్కలేరు. కువైట్‌లో ఇరవై ఏళ్లు ఆటోమేటిక్ తోలి వచ్చిన చిచ్చాకి అదే అలవాటు. కొత్తగా నేర్చుకునే బెహన్‌లకు రెండు పెడల్స్‌తో ధైర్యంగా ఉంటుంది. అలాంటి ఇంట్లో గేర్ బాక్స్ కూర్చుంటే? ఇన్సూరెన్స్ ఇవ్వదు, అరిగిపోయిన భాగాలకు మామూలు మోటార్ పాలసీ వర్తించదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. బండి ధరలో సగం రిపేరుకే అడుగుతారు. చివరికి నఖద్ పెట్టి కొన్న బండి కోసమే అప్పు చేయాల్సి వస్తుంది.

ఇంతకీ ఆ నూనె చేసే పనేంటి? మాన్యువల్ బండిలో గేర్ ఆయిల్ పళ్లచక్రాలు అరగకుండా చూస్తుంది, అంతే. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో నూనెకు నాలుగు కొలువులు. ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది అదే. ప్రెషర్‌తో లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు మార్చేది అదే. అరగకుండా చూసేది, వేడిని మోసుకుపోయేదీ అదే. మామూలుగా నడిచినప్పుడే 80, 90 డిగ్రీల వేడిలో ఉంటుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి రోజూ కొంచెం కొంచెం అందులోనే కలుస్తుంది. ఆ పొడి వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో చేరితే ప్రెషర్ పడిపోతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది, ప్లేట్లు జారి ఇంకా కాలతాయి. మిర్చి బజ్జీల బండి వాడు మూకుడులో నిన్నటి నల్ల నూనె వాడితే మనం అక్కడ తినం. అదే మనం గేర్ బాక్స్‌లో పదేళ్ల నూనె ఉంచి "బాగానే ఉంది" అంటాం.

సరే, కంపెనీ వాళ్లకు తెలీదా అంటారు. తెలుసు. బీఎండబ్ల్యూ లాంటి కార్లకు ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లు చేసిచ్చేది జెడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. కార్లు అమ్మేవాళ్లు దాన్ని లైఫ్ టైమ్ ఆయిల్ అన్నారు. ఆ గేర్ బాక్స్ తయారు చేసిన జెడ్ఎఫ్ మాత్రం బండి నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. ఎవరి మాట వినాలి? చేసినవాడిదా, అమ్మినవాడిదా? ఇంకో మిసాల్. 2013 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, వాటి 7 గేర్ల డీఎస్‌జీ బాక్సుల్లో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది. వేడీ తేమా ఎక్కువున్న చోట్ల ఆ పాత ఆయిల్ వల్ల కరెంటు భాగాల్లో గడబిడ రావచ్చని తేలింది. అంటే నూనె చిన్న విషయం కాదని, వాతావరణం దాన్ని మారుస్తుందని కంపెనీయే ఒప్పుకున్నట్టు. లైఫ్ టైమ్ అనే మాటలో లైఫ్ మొదటి ఓనర్‌ది. వారంటీ ఉన్నంతవరకు బండి నడిస్తే వాళ్ల హిసాబ్ సరిపోయింది. మూడో చేతిలో మనం ఉన్నాం, మన లైఫ్ ఆ లెక్కలో లేదు.

మీ బండి మాన్యువల్ బుక్ ఒకసారి తెరవండి. చాలా వాటిలో సర్వీసు పట్టికలు రెండు ఉంటాయి: మామూలు వాడకానికి ఒకటి, కఠినమైన వాడకానికి ఇంకొకటి. కఠినం అంటే విపరీతమైన వేడి, దుమ్ము, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, చిన్న చిన్న ట్రిప్పులు. చెప్పండి, ఇందులో మనది కానిదేది? పక్క జిల్లా రెంటచింతల ఎండ పేరు చెబితే రాష్ట్రమంతా హడలిపోతుంది. మన ఎండా దానికి చుట్టమే. మిర్చి సీజన్‌లో యార్డు లారీల వెనక చుట్టుగుంట దగ్గర బండి పాకుతుంది. మిగతా రోజుల్లో పిల్లల్ని బడికి దింపి రావడమే సఫర్. కంపెనీ పుస్తకం ప్రకారమే మనం రెండో పట్టిక జనం.

ఇక షెడ్డు ఉస్తాద్‌ల దలీల్ వినాలి, దాన్ని తీసిపారేయను. "పాత నూనె తీసి కొత్తది పోస్తే వారంలో బాక్స్ పోయింది, నా కళ్లతో చూశా" అంటారు. చూసి ఉంటారు. కానీ ఆ బండి షెడ్డుకి ఎప్పుడొచ్చింది? గేరు జారుతున్నప్పుడు, రివర్స్ పడనప్పుడు, నూనె మాడు వాసన కొడుతున్నప్పుడు. చివరి ఘడియలో హకీమ్‌ని పిలిచి, మరీజ్ పోయాక మందే చంపిందన్నట్టుంది. అలా జారుతున్న బాక్స్‌కు ఆయిల్ మార్చడం ఇలాజ్ కాదు, విప్పి చూడాల్సిందే. ఇంకా జారని బాక్స్‌కు మాత్రం నూనె మార్పే ఇలాజ్. ఈ రెండింటికీ ఫర్క్ చెప్పకుండా అందరికీ "ముట్టుకోవద్దు" అనడమే జుల్మ్. మిషన్ పెట్టి జోరుగా కడిగే ఫ్లష్ అంటే భయపడటంలో న్యాయముంది, పాత చెత్తంతా కదిలి దారులకు అడ్డం పడొచ్చు. దానికి జవాబ్ సాదా డ్రెయిన్. కింద బోల్టు విప్పి నూనె దించండి, ఎంత దిగిందో కొలిచి అంతే పోయండి. ఒకసారికి మొత్తంలో సగం కూడా దిగదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు నడిపి ఇంకోసారి, వీలైతే మూడోసారి చేయాలి. ఫిల్టర్ తీయగలిగిన చోట ఉంటే అదీ మార్చాలి. లెవెల్ చూడటం కూడా పుస్తకం చెప్పినట్టే. చాలా బండ్లకు ఇంజన్ ఆన్‌లో ఉంచి చూస్తారు, కొన్ని హోండాలకు ఆపాక చూస్తారు.

బండి పేరు వెనక ఆటోమేటిక్ అని ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. పాత ఐ10, డిజైర్‌లో 4 గేర్లది, ఇన్నోవా క్రిస్టాలో 6 గేర్లది టార్క్ కన్వర్టర్ రకం. హోండా సిటీ, బాలెనోల్లో కొన్ని సీవీటీ. అందులో గేర్లుండవు, బెల్టు, పుల్లీలు ఉంటాయి. దానికి సీవీటీ నూనె కాకుండా ఎర్రగా ఉందని మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు నాశనమే. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ అసలు మాన్యువల్ బాక్సే, క్లచ్ మాత్రం యంత్రం తొక్కుతుంది. అక్కడ అరిగేది క్లచ్ ప్లేటు. చడావులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ మీద బండి నిలబెట్టేవాళ్లు దాన్ని చేజేతులా కాలుస్తున్నట్టే. డబ్బా మీద కంపెనీ చెప్పిన కోడ్ చూడకుండా "అన్నిటికీ ఇదే పోస్తాం" అనే షెడ్డు నుంచి బండి తిప్పేయండి.

కొనేముందు ఏం చూడాలి? బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి పెడితే ఎందుకని అడగండి. పి నుంచి ఆర్‌కి, డికి వేస్తే వెంటనే పట్టాలి. ఆగి ధడేల్‌మని కదిలితే ఫిక్ర్ చేయాల్సిందే. పెదకాకాని దగ్గర హైవే మీద ఐదు నిమిషాలు తిప్పి సంతోషపడొద్దు, నూనె వేడెక్కాకే ఐబ్ బయటపడుతుంది. అరగంట నడపండి, కుదిరితే కొండవీడు ఘాట్ ఎక్కించండి. నూనె గులాబీ రంగు మజ్జిగలా ఉంటే రేడియేటర్ నీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం, సలాం చెప్పి వచ్చేయండి. కొన్నాక సర్వీసు బిల్లు దొరక్కపోతే ఎప్పుడూ మార్చలేదనే అనుకుని మొదటి నెలలోనే మార్పించండి. ఆపైన మన రోడ్లకు 40,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్లు నా ఉసూల్, మీ పుస్తకం ఇంకా తక్కువ చెబితే అదే ఖాయం. బండి పూర్తిగా ఆగాకే డి నుంచి ఆర్‌కి మార్చండి. ఆగిపోయిన బండిని తాడు కట్టి ఈడ్పించకండి. ఇంజన్ నడవకపోతే నూనె పంపు తిరగదు, బాక్స్ ఎండిపోయి తిరుగుతుంది. నడిపే చక్రాలు నేలకు తగలకుండా లేపి తీసుకెళ్లే బండినే పిలవండి.

బండి కొనగానే హిందూ సోదరులు పెదకాకాని శివాలయంలో వాహన పూజ చేయిస్తారు, మనవాళ్లు బాజీ బాబా దర్గా దగ్గర ఫాతిహా చదివిస్తారు. మంచిదే. ఆ తర్వాత వేలు పోసి సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, అద్దం మీద మాషా అల్లాహ్ స్టిక్కర్. గేర్ బాక్స్ నూనెకు కొన్ని వేలంటే మాత్రం "అంతెందుకు" అంటాం. బాక్స్ కూర్చున్నాక "నజర్ తగిలింది" అంటాం. పాపం, ఎదురింటి వాళ్ల కళ్లను ఎందుకు నిందించడం?

షెడ్లలో పనిచేసే పిల్లల్లో మన ఇళ్ల వాళ్లే ఎందరో. వాళ్ల ఉస్తాద్‌లు అంబాసిడర్లూ జీపులూ విప్పి నేర్చుకున్నారు, ఆ హునర్ గొప్పదే. ఆ బండ్లలో ఆటోమేటిక్ లేదు కాబట్టి తాలీమ్‌లోనూ రాలేదు. తెలియనిదాన్ని "ముట్టుకోవద్దు" అని దాటేస్తే ఆ పని రేపు పెద్ద కంపెనీ సర్వీసు సెంటర్లకే పోతుంది, మన పిల్లల రోజీ పోతుంది. స్కానర్ వాడటం, నూనె కోడ్ చదవడం వాళ్లకు నేర్పించండి.

అమ్మేవాళ్లకూ ఓ మాట. ఐబ్ దాచకుండా చెప్పి అమ్మడం మన దగ్గర పాత ఉసూల్. గేర్ బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో రాసి, బిల్లు జతచేసి తాళాలివ్వండి. కొనేవాళ్లు స్టిక్కర్ కన్నా ముందు ఆ బిల్లు అడగండి.