ఏధీ సాబ్ మనకేమవుతారు?

2016లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఖబర్లు తిరగేస్తే ముందు కనిపించేది ఖూనే. మార్చి 27న, ఈస్టర్ నాడు, లాహోర్‌లోని గుల్షనే ఇక్బాల్ పార్కులో బాంబు. పసిపిల్లలతో సహా 70 మందికి పైగా పోయారు. జూన్ 22న, రంజాన్ నెలలో, కరాచీ రోడ్డు మీద ఖవ్వాల్ అమ్జద్ సాబ్రీని కాల్చి చంపారు. ఆగస్టు 8న క్వెట్టాలో తమ బార్ అధ్యక్షుణ్ణి ఎవరో కాల్చారని ఆస్పత్రికి పరుగెత్తిన వకీళ్ల మధ్య ఇంకో బాంబు. చంపినవాళ్లూ కలిమా చదివేవాళ్లే అన్నది మనం దాచుకోవాల్సిన మాట కాదు. సిగ్గుపడాల్సిన మాట.

అదే సాల్, మనకిక్కడ ఈద్ అయిన మర్నాడు, జూలై 8న, అబ్దుల్ సత్తార్ ఏధీ ఇంతెఖాల్ అయ్యారు. వద్దనుకున్న పసిగుడ్డును చంపకుండా వదిలిపెట్టమని తన సెంటర్ల ముందు ఊయలలు పెట్టిన మనిషి. పోతూ పోతూ కళ్లు కూడా దానం చేశారు. తప్పిపోయి అటు చేరిన మాటలు రాని మన దేశపు అమ్మాయికి, హిందూ బిడ్డ అని తెలిసి, గీత అని పేరుపెట్టి సాకింది ఆయన బేగం బిల్కీసే. 2015లో ఆ అమ్మాయిని క్షేమంగా మనకు అప్పగించారు.

ఆ రాత్రి ఆయన మగ్‌ఫిరత్ కోసం ఫోన్లో రెండు లైన్లు రాశాను. పంపబోయి ఆగాను. 'పాకిస్తాన్‌వాడికి ఏడుస్తున్నాడు' అంటారేమోనని డర్. చెరిపేశాను. పక్కనే ఉన్న నా బేటీ అడిగింది: "అబ్బూ, ఆయన మనవాడా?" జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెబుతాను. ఏధీ పుట్టింది గుజరాత్‌లోని బాంట్వాలో. ఆ ఏడే పోయిన క్రికెటర్ హనీఫ్ మొహమ్మద్‌ది జునాగఢ్. కథకుడు ఇంతిజార్ హుసేన్‌ది యూపీ. డ్రామాల రచయిత్రి ఫాతిమా సురయ్యా బజియాది మన హైదరాబాద్ రియాసత్. కానీ ఇక్కడ పుట్టారు కాబట్టే దువా చేయాలంటే అదీ తక్కువ మాటే. కరాచీలోనే పుట్టి, అక్కడే కాల్పులకు బలైన అమ్జద్ సాబ్రీకి మన దువా చేరొద్దా?

వతన్ మీద నా మొహబ్బత్‌కు సబూత్‌గా ఒక నేకీ మనిషి మౌత్‌కు మౌనంగా ఉండమంటే, ఉండను. బేటీ, ఏధీ సాబ్ మనవాడే. ఆయన కోసం ఒక ఫాతిహా చదువు.