ఇంటిపేరు చూస్తే సరిపోదు!

పెళ్లి సంబంధం వచ్చిందంటే పెద్దలు ముందు వంశం అడుగుతారు. ఆ తర్వాత అబ్బాయి గుణగణాలు మెల్లగా ఆరా తీస్తారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకీ రోజూ ఇదే పని!

ప్రోగ్రాముల్లో వంశాలేమిటంటారా? ఒక వస్తువు ఎలా ఉండాలో, ఏమేం చేయాలో చెప్పే నమూనాని 'క్లాస్' అంటారు. ఆ నమూనాతో తయారైనది 'ఆబ్జెక్ట్'. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో 'ఖాతా' అనే క్లాస్ ఉందనుకోండి. దానికి పిల్లలుగా 'పొదుపు ఖాతా', 'కరెంట్ ఖాతా' పుట్టించవచ్చు. డబ్బు వేయడం, తీయడం లాంటివి మళ్లీ రాయక్కర్లేదు, వారసత్వంగా వచ్చేస్తాయి. ఇదే ఇన్‌హెరిటెన్స్. 1960ల్లో 'సిమ్యులా' భాషతో దీనికి బాట వేసింది నార్వే శాస్త్రవేత్తలు ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్. 2001 ట్యూరింగ్ అవార్డు ఆ ఇద్దరికీ దక్కింది.

తేదీలో మెలిక

ప్రోగ్రాములోని ఒక్కో చిన్న భాగాన్నీ విడిగా పరీక్షించే బుల్లి ప్రోగ్రామే యూనిట్ టెస్ట్. అది అడిగే ప్రశ్నల్లో ఒకటి- 'చేతికొచ్చిన ఆబ్జెక్ట్ ఏ రకం?' ఇక్కడే చిక్కుంది. 'నువ్వు ఈ కుటుంబానికి చెందినదానివేనా?' అని అడగడం వేరు, 'కచ్చితంగా నువ్వే అదా?' అని అడగడం వేరు.

పైథాన్ భాషనే తీసుకోండి. అందులో 'డేట్' అంటే వట్టి తేదీ. 'డేట్‌టైమ్' అంటే తేదీతోపాటు గంటలు, నిమిషాలూ ఉంటాయి. రెండోది మొదటిదానికి సంతానం. కాబట్టి 'ఇది డేట్ కుటుంబమేనా?' అని టెస్ట్ అడిగితే డేట్‌టైమ్ కూడా దర్జాగా పాసైపోతుంది. తీరా లైబ్రరీ పుస్తకం గడువు దాటిందో లేదో చూద్దామని దాన్ని వట్టి తేదీతో పోలిస్తే... 'ఈ రెంటినీ పోల్చలేను' అంటూ ప్రోగ్రాము మొరాయిస్తుంది! ఇలాంటిచోట కచ్చితమైన రకాన్నే అడగాలి.

అలాగని ప్రతిచోటా పట్టుబట్టినా కష్టమే. 'ఖాతా' మాత్రమే రావాలని టెస్ట్ రాస్తే, రేపు అన్నివిధాలా సరిగ్గా ఉన్న 'పొదుపు ఖాతా' వచ్చినా తప్పేననేస్తుంది. పిల్లలు కూడా చేయగలిగిన పనైతే కుటుంబం అడిగితే చాలు.

కస్తూరివారి గబ్బిలాలు

అసలు పరీక్ష ఆ తర్వాతే. దీర్ఘచతురస్రం క్లాస్‌కి పిల్లగా చతురస్రాన్ని పెట్టారనుకుందాం. లెక్కల పుస్తకం ప్రకారం తప్పులేదు. 'వెడల్పు 5, ఎత్తు 4 పెట్టు, వైశాల్యం ఎంత?' అని అడిగితే దీర్ఘచతురస్రం 20 అంటుంది. చతురస్రానికి అన్ని భుజాలూ సమానం కాబట్టి ఎత్తుని 4 చేయగానే వెడల్పూ 4 అయిపోతుంది. జవాబు 16! వంశం అడిగిన టెస్ట్ పాస్, పని అడిగిన టెస్ట్ ఫెయిల్. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటే ఇదే మరి.

తల్లి పనికొచ్చే ప్రతిచోటా పిల్ల కూడా పనికిరావాలన్న సూత్రాన్ని 1987లో ఓ ప్రసంగంలో ముందుకు తెచ్చింది అమెరికా శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్. 2008 ట్యూరింగ్ అవార్డు ఆమెదే.

వారసత్వంగా వచ్చింది కదా అని నమ్మేస్తే ఎంత నష్టమో 1996 జూన్ 4న ఐరోపాకి తెలిసొచ్చింది. ఏరియాన్-4 రాకెట్ నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేర్ భాగంతో బయల్దేరిన ఏరియాన్-5 దాదాపు 40 సెకన్లకే పేలిపోయింది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. ఆ పెద్ద అంకెని 16 బిట్ల చిన్న గదిలో ఇరికించబోతే పట్టలేదు. అక్కడ క్లాసుల గొడవ లేదుగానీ పాఠం మాత్రం ఒక్కటే- పాత ఇంట్లో పనిచేసిందని కొత్త ఇంట్లో పరీక్షించడం మానకూడదు.

మరి మార్గం? తల్లి క్లాస్ కోసం రాసిన టెస్టులన్నిటినీ ప్రతి పిల్ల క్లాస్ మీదా మళ్లీ నడపడమే. ఇందుకు కొత్తగా రాయాల్సిందీ పెద్దగా ఉండదు. టెస్టులూ క్లాసులే కాబట్టి వాటినీ వారసత్వంగా ఇచ్చేయవచ్చు!