గొట్టాలు లెక్కపెట్టకండి, చప్పుడు కొలవండి

ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్ గారికి,

పాత పికప్‌కు జంట పొగగొట్టాలు కట్టిస్తే బలం పెరుగుతుందన్నది చాలామంది నమ్మకం. వీ-8 ఇంజన్‌లో సిలిండర్లు రెండు వరుసలు, అక్కడ రెండు గొట్టాలకు అర్థముంది. నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే డీజిల్ బండిలో పొగంతా ఒకే మానిఫోల్డ్‌లోంచి వస్తుంది. చివర్లో రెండుగా చీలిస్తే పెరిగేది సోకే. సైలెన్సర్ కూడా పీకేస్తే మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నప్పుడు అడవంతా దద్దరిల్లుతుంది.

అలాగని తుప్పుపట్టిన గొట్టం మార్పించుకున్నవాణ్ణి దొంగలా చూడటం తగదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందిగా అంటారేమో. అది ఆపేది బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పులను. చప్పుడు సంగతి చూసుకోవడానికి 190(2) సెక్షన్ ఉంది. కాబట్టి రంపచోడవరంలోనే ఒక డెసిబెల్ మీటర్ పెట్టించండి. కొలత కోసం రాజమహేంద్రవరం దాకా రమ్మంటే ఎవరొస్తారు?

ఇట్లు,
రంపచోడవరం పౌరుడు