అప్‌డేట్ సరే, జవాబేదీ?

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లకు చుక్కలు చూపించింది. ‘జ్ఞా’లో వత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక కోడ్ చేర్చి మెసేజ్ పంపితే చాలు, అందుకున్న ఫోన్‌లో ఆ మెసేజ్ యాప్ మూతపడేది. మళ్లీ తెరిచినా అదే వరస. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని తెరమీద కూర్చే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11ది.

వార్త గుప్పుమన్న కొద్ది రోజులకే, ఫిబ్రవరి 19న, యాపిల్ 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. మెచ్చుకోదగ్గ వేగమే. అయితే ఆ గోల ప్రపంచమంతా వినిపించింది.

మరి ఫోన్‌లో యాప్ ఆగిపోయి కాకినాడ మెయిన్ రోడ్డులో సెల్ షాపు మెట్లెక్కేవారి గోడు ఎవరికి వినిపిస్తుంది? ‘అప్‌డేట్ కొట్టిన కాణ్నుంచీ ఇంతేనండి’ అంటే షాపతను రీసెట్ కొట్టి పంపేస్తాడు. లోపం మాత్రం కంపెనీ దాకా చేరదు. చేరాలంటే ఫోన్ మోడల్, వెర్షన్ నంబర్, ఏ యాప్‌లో ఏం నొక్కితే ఆగిందో కావాలి. ఆ ముక్కలుంటేనే ఇంజినీరు తన బల్లమీద అదే లోపాన్ని రప్పించి చూడగలడు.

ఈ వివరాలు రాబట్టే బాధ్యత వాడేవాళ్లది కాదు, కంపెనీలది. తెలుగులో అడగాలి, ఫిర్యాదుకో నంబరివ్వాలి, ఏ అప్‌డేట్‌తో సరిచేశారో తిరిగి చెప్పాలి. విడుదలకు ముందే తెలుగు గుణింతాలనూ వత్తులనూ పరీక్షించాలి. ఆ పనికి మనుషులు కావాలంటే జేఎన్‌టీయూ కాకినాడ విద్యార్థులు ఊళ్లోనే ఉన్నారు.