శీతలద్రవపు డబ్బా – మన పొదుపు

మా పాఠశాల పాత జీపు నెరుగనివారు మెదకు పట్టణమున అరుదు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు ఆ బండి వానకాలపు బురదలో సైతము ఆగినది కాదు. అట్టిది గడచిన వేసవిలో, అయిదుగురు బాలురతో హైదరాబాదునకు పోవుచుండగా, నర్సాపూరు అడవి త్రోవలో ఆవిరి గ్రక్కి నిలిచిపోయెను. ఇంజనును చల్లార్చు ద్రవముండు ప్లాస్టిక్ డబ్బా అతుకు వెంబడి విచ్చిపోయినది. బాలురు రెండు గంటలు చెట్టు నీడను కూర్చుండవలసివచ్చెను.

ఆ పగులు మూడు మాసములకు పూర్వమే మా కంటబడినది. డబ్బాను మార్చుడని మెకానిక్కు చెప్పెను. మేమో, వ్యయమేలయని జిగురు ముద్ద నంటించి, దినదినము నీరు పోయుచు కాలము గడపితిమి. తుదకు ఇంజను హెడ్డు వంగి, డబ్బా వెలకు ఎన్నియో రెట్లు ధనము చెల్లించితిమి. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొంటిమి. ఇది పొదుపు కాదు, పిసినితనము. పాతబండి డబ్బాలో తొలి పగులు కనబడగనే దానిని మార్చవలయునే గాని అతుకరాదని మా దృఢాభిప్రాయము.

"అది మిగులు నీటి డబ్బాయే కదా, రేడియేటరు బాగున్న చాలదా?" యని కొందరు మిత్రులందురు. కొన్ని బండ్లలో అది మిగులు ద్రవమును పట్టునదే యగుగాక. మా జీపు వంటివానిలో ఒత్తిడిమూత డబ్బా మీదనే యుండును. నీరును ఇథిలీన్ గ్లైకాలును సమపాళ్ల కలిపిన ద్రవము సాధారణ పీడనమున సుమారు 107 సెంటిగ్రేడు డిగ్రీలకు మరగును. ఒత్తిడి నిలిచియున్నచో అంతకంటె హెచ్చు వేడికి గాని మరగదు. డబ్బా పగిలిన ఆ రక్షణ తొలగును. ద్రవము అడుగంటినపుడు వేడిని తెలుపు ముల్లు సైతము నిజము చెప్పకపోవచ్చును. మేము ముల్లును నమ్మి మోసపోతిమి.

1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మన మహాదేవాలయపు రాళ్లు నూరేండ్లు దాటియు నిలిచియున్నవి. ప్లాస్టిక్కునకు అట్టి ఆయువు నాశింపరాదు. ఏండ్ల తరబడి వేడికి లోనై అది పసుపెక్కి పెళుసగును. అతుకుల వద్ద సన్నని గీతలును ఎండిన ద్రవపు మరకలును కనబడును. ఈ డబ్బాలకు వాడు పాలిప్రొపిలీనునకు జిగురులు గట్టిగా అంటవు.

మార్చుపని కష్టమైనది కాదు. ఇంజను పూర్తిగా చల్లారవలయును. వేడిమీద మూత విప్పినచో ముఖము కాలును. ద్రవమును పాత్రలో పట్టి, గొట్టముల క్లిప్పులు వదులుచేసి, బోల్టులు విప్పి డబ్బాను తీయవలయును. ముదిసిన గొట్టములను, మూతను అప్పుడే మార్చుట మేలు. క్రొత్త ద్రవమునకు డిస్టిల్డు వాటరు కలుపవలయును. బోరునీటి లవణములు లోపల పేరుకొనును. కనిష్ఠ, గరిష్ఠ గీతల నడుమకు నింపి, ఇంజను నడిపి గాలిని పోనిచ్చి, చల్లారిన పిమ్మట మట్టము మరల చూడవలయును. తీసిన ద్రవము తియ్యని విషము. బిడ్డలకును కుక్కలకును అందనీయరాదు, కాలువలో పోయరాదు.

క్రొత్త డబ్బా బిగించునాడు పదవతరగతి విద్యార్థులను జీపు చుట్టు నిలిపితిమి. వ్యాకోచమును, పీడనమును గూర్చి పుస్తకమున చదివినది వారు కన్నులార చూచిరి. అంతలో ఒక బాలిక, "అయ్యగారూ, పగులు మూడు నెలల క్రిందటనే చూచితిరి కదా, అప్పుడే ఏల మార్చలేదండీ?" యని అడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

తలిదండ్రులారా, ఎండలు ముదరకమునుపే మీ బండి బానెట్టు నొకమారు ఎత్తి చూడుడు. మీ బిడ్డలచేత మీ రా ప్రశ్న అడిగించుకొనకుందురు గాక!